కమాను కట్టించారు సరే, మా ఊరి పైసలేవి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్వారీలు, సిమెంటు గనుల మీదే ఉన్నాయి. ఒక్క కృష్ణా ఒడ్డు నుంచే కాదు, షాద్‌నగర్ వైపు నుంచి కూడా రాశారు. అందుకే వ్యవసాయం, పింఛన్ల ప్రశ్నలు వచ్చే సంచికకు జరిపాను, వాళ్లు ఏమీ అనుకోవద్దు. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ కోరారు, వేయడం లేదు.

ప్రశ్న: అన్నా, మాది హుజూర్‌నగర్ దగ్గర ఒక ఊరు. మా ఊరి పొలిమేరలో సున్నపురాయి గని ఉంది, నేను పుట్టక ముందు నుంచే ఉంది. కంపెనీ వాళ్లు ఊరి మొదట్లో కమాను కట్టించారు, బడికి నాలుగు ఫ్యాన్లు ఇచ్చారు, ఒక నీళ్ల ప్లాంటు పెట్టారు, అది ఏడాది నడిచి ఆగిపోయింది. బాగు చేయించమని పోతే ‘మా సీఎస్‌ఆర్ బడ్జెట్ అయిపోయింది, వచ్చే ఏడాది చూద్దాం’ అంటున్నారు. రోజూ వందల టిప్పర్లు మా ఊరి మీదుగా పోతాయి. ఇంత రాయి పోతుంటే మాకు హక్కుగా వచ్చేది ఏమీ లేదా, వాళ్లు దయతలచి ఇస్తేనేనా?

జవాబు: తమ్మీ, నీ ప్రశ్నలో ఆఖరి వాక్యం చాలా ముఖ్యమైంది, ఎందుకంటే గని పక్క ఊళ్లలో నూటికి తొంభై మంది అక్కడే ఆగిపోతారు. గని మీద నుంచి ఊరికి రావాల్సిన పైసలు ఒక్క జేబులో ఉండవు. మూడు జేబులు ఉన్నాయి. మీరు ఇన్నాళ్లూ అన్నిటికంటే చిన్న జేబు ముందు చెయ్యి చాపి నిలబడ్డారు.

మొదటిది సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ కింద వచ్చింది, 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ తన గత మూడేళ్ల లాభాల సగటులో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఫ్యాక్టరీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది గానీ, మీ ఊరికే ఇంత పెట్టాలని లేదు. నాలుగు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలు ఉంటే నాలుగు చోట్లా పంచుకుంటుంది. ఎక్కడ ఏం చేయాలో కంపెనీ బోర్డే తేలుస్తుంది. అందుకే కమానులు ఎక్కువ, మందుల డబ్బాలు తక్కువ. కమాను మీద పేరు రాయొచ్చు, మందుబిళ్ల మీద రాయలేరు కదా.

అయినా అడగొద్దని కాదు. బోర్డు ఒప్పుకున్న సీఎస్‌ఆర్ పనుల జాబితా కంపెనీ వెబ్‌సైట్లో పెట్టాలి, ఏ జిల్లాలో ఏ పని మీద ఎంత పెట్టారో కంపెనీ వార్షిక నివేదికలో ఉంటుంది. మీ ఊళ్లో ఫోన్ పట్టుకుని రీల్స్ చూసే పిల్లల్లో ఒకరికి చెబితే పది నిమిషాల్లో వెతికి పెడతారు. అందులో ఇంకొకటి చూడండి: రోడ్డు మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించాం, గని చుట్టూ చెట్లు పెట్టాం అని కొందరు దాన్ని సేవగా చెప్పుకుంటారు. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సిన పనులు సీఎస్‌ఆర్ లెక్కలోకి రావని నిబంధనల్లోనే ఉంది. దుమ్ము లేపేది వాళ్లు, నీళ్లు చల్లడం వాళ్ల బాధ్యత.

రెండో జేబు పెద్దది. దాని పేరు జిల్లా ఖనిజ ఫౌండేషన్, అందరూ డీఎంఎఫ్ అంటారు. 1957 నాటి గనుల చట్టాన్ని 2015లో సవరించినప్పుడు 9బీ అనే సెక్షన్ చేర్చి దీన్ని తెచ్చారు. గనుల వల్ల నష్టపోయిన మనుషులు, ఊళ్ల కోసమే ఈ నిధి అని చట్టంలో నేరుగా రాసి ఉంది. తవ్విన రాయికి కంపెనీ ప్రభుత్వానికి కట్టే పైకాన్ని రాయల్టీ అంటారు, దానికి అదనంగా ఇది కట్టాలి: 2015 జనవరి 12 కంటే ముందు ఇచ్చిన లీజు అయితే రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత ఇచ్చినదైతే 10 శాతం. నువ్వు పుట్టక ముందు గని అన్నావు కాబట్టి మీది 30 శాతం కిందికే రావాలి.

లెక్క వేసి చూద్దాం. సిమెంటుకు వాడే సున్నపురాయికి రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. అందులో 30 శాతం అంటే 24 రూపాయలు. ఒక మోస్తరు గని కూడా ఏడాదికి పది లక్షల టన్నులు తవ్వుతుంది అనుకో, డీఎంఎఫ్‌కు పడేది 2 కోట్ల 40 లక్షలు. కంపెనీకి లాభం వచ్చినా నష్టం వచ్చినా పడుతుంది, ఎందుకంటే ఇది లాభం మీద కాదు, తవ్విన రాయి మీద. అదే సీఎస్‌ఆర్ అయితే ‘ఈ మూడేళ్లు లాభాలు లేవు’ అనే ఒక్క మాటతో అయిపోతుంది. మీ ఊరి మీదుగా పోయే టిప్పర్లో ఇరవై టన్నుల రాయి ఉంటే, ఆ ఒక్క ట్రిప్పుకు 480 రూపాయలు మీ లాంటి ఊళ్ల పేరు మీద పక్కన పెట్టాలన్నమాట. ఈసారి టిప్పర్ దుమ్ము మొహాన కొట్టినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకో.

మరి ఆ పైసలు ఎక్కడున్నాయి అంటావు. కంపెనీ దగ్గర లేవు, అందుకే కంపెనీ మేనేజర్‌ను అడిగితే తనకేం తెలియనట్టు చూస్తాడు. జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఉండే డీఎంఎఫ్ ట్రస్టు దగ్గర ఉంటాయి. ఎంపీలు, ఎమ్మెల్యేలు కూడా దాని పాలకమండలిలో సభ్యులు. ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే పథకం పేరు ప్రధాన్ మంత్రి ఖనిజ్ క్షేత్ర కల్యాణ్ యోజన, 2015 సెప్టెంబరులో వచ్చింది. తాగునీరు, ఆరోగ్యం, చదువు, కాలుష్య నియంత్రణ, మహిళా శిశు సంక్షేమం, పారిశుధ్యం, పని నేర్పించడం లాంటి వాటికి మొదట 60 శాతం తగ్గకూడదన్నారు, 2024లో మార్చిన మార్గదర్శకాల్లో దాన్ని 70 శాతం చేశారు. రోడ్లు, వంతెనలు, కరెంటు మిగిలిన దాంట్లోంచి రావాలి. గని నుంచి 15 కిలోమీటర్ల లోపు ఉంటే నేరుగా ప్రభావితమైన ప్రాంతం, 25 లోపు ఉంటే పరోక్షంగా అని కూడా అందులోనే ఉంది. మీది పొలిమేరలోనే గని కాబట్టి వాదన అక్కర్లేదు.

నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరైన వాణ్ని, మిర్యాలగూడ డివిజన్లోనే చాలా ఏళ్లు తిరిగాను. ఒక ఊళ్లో (పేరు వద్దు) ఇలాంటి ప్లాంటు గదే ఉండేది. నీలం రంగు గోడ మీద కంపెనీ పేరు మనిషెత్తు అక్షరాల్లో రాసి ఉంది, తలుపుకు తాళం, తాళానికి తుప్పు. కిటికీలోంచి చూస్తే ఫిల్టరు గొట్టాల మీద సాలెగూడు, రూపాయి బిళ్ల వేసే డబ్బాలో ఎలుకలు కొరికిన వైర్లు. ఊరోళ్లు మాత్రం నాలుగు కిలోమీటర్లు బండి మీద పోయి ఇరవై లీటర్ల డబ్బాలు తెచ్చుకుంటున్నారు. ప్లాంటు పెట్టడానికి పైసలు వచ్చాయి గానీ, నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చడానికి, ఆపరేటర్ జీతానికి ఎవరిదీ బాధ్యత కాలేదు. ఇది మీరు నేర్చుకోవాల్సిన విషయం: అడిగేటప్పుడు ప్లాంటు అడగొద్దు, ప్లాంటుతో పాటు అయిదేళ్ల మెయింటెనెన్స్ అడగండి, కాయితం మీద రాయించుకోండి.

చేయాల్సింది ఇది. గ్రామసభలో తీర్మానం పెట్టండి: గని వల్ల మాకు జరిగిన నష్టం ఇది, మాకు కావాల్సిన పనులు ఇవి అని. పది పనులు రాస్తే పదీ పోతాయి, మూడు రాయండి. తీర్మానం నకలు ఎంపీడీవో ద్వారా కలెక్టర్‌కు పంపి, ఇంకో నకలు గనుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకోండి. అదే రోజు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు వేయండి: మా మండలంలోని గనుల నుంచి ఏడాదివారీగా డీఎంఎఫ్‌కు ఎంత వచ్చింది, మా మండలంలో ఎంత ఖర్చయింది, ప్రభావిత గ్రామాల జాబితాలో మా ఊరు ఉందా లేదా. జిల్లా ఆఫీసుకు పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నిజానికి ఈ జాబితా, మీటింగుల మినిట్స్, ఖర్చులు అన్నీ డీఎంఎఫ్ వెబ్‌సైట్లో ఉండాలని పథకంలోనే ఉంది, ముందు అక్కడ చూసి లేకపోతే ఆ మాట కూడా దరఖాస్తులో రాయండి.

మూడో జేబు చెప్పడం మర్చిపోయేవాణ్ని. ఫ్యాక్టరీ మీ పంచాయతీ హద్దుల్లో ఉంటే దాని భవనాలకు పంచాయతీకి పన్ను కట్టాలి. ఎవరెంత పన్ను కట్టాలో రాసే డిమాండు రిజిస్టరు తీసి చూడండి, పెద్ద పెద్ద షెడ్లు అసలు నమోదయ్యాయో లేదో. కొన్ని చోట్ల ఫ్యాక్టరీ విస్తరించి ఇరవై ఏళ్లయినా రిజిస్టర్లో పాత కొలతలే ఉంటాయి. నా సర్వీసులో నేనే ఒకటి పట్టుకున్నాను, తర్వాత ఏమైందని అడగొద్దు, మూణ్నెల్లలో నాకు బదిలీ అయింది.

ప్రశ్న: అన్నయ్యా, దామరచర్ల వైపు నుంచి రాస్తున్నా. మధ్యాహ్నం సైరన్ మోగగానే మా అత్తమ్మ అటక మీది ఇత్తడి బిందె దించి నేల మీద పెడుతుంది, రెండు సార్లు దొర్లి పడింది కాబట్టి. మా ఇంటి గోడలు పగుళ్లిచ్చాయి. కంపెనీ మనిషి వచ్చి చూసి ‘మీ పునాది సరిగా లేదమ్మా’ అని వెళ్లిపోయాడు. పునాది మా మామయ్య దగ్గరుండి వేయించాడు. ఏం చేయాలి?

జవాబు: చెల్లెమ్మా, పునాది గురించి చెప్పడానికి ఆయన ఇంజినీరా, పునాది తవ్వి చూశాడా? చూడకుండా చెప్పిన మాటకు విలువ లేదు. బ్లాస్టింగ్ అదురును కొలిచే పరికరాలు ఉన్నాయి, గనుల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీఎంఎస్ 1997లోనే హద్దులు పెట్టింది. కంపెనీవి కాని ఇళ్ల దగ్గర, నెమ్మదిగా ఊగే అదురైతే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు, సెకనుకు ఎక్కువసార్లు ఊగే అదురైతే 10, 15 వరకు ఒప్పుకుంటారు. కచ్చా ఇల్లయినా, ఇటుక సిమెంటు ఇల్లయినా ఇదే లెక్క. అంటే మీ పునాది బలహీనమైనదే అనుకున్నా సరే, ఆ హద్దు మీ ఇంటికి వర్తిస్తుంది.

ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని ఒకటుంది. ఒక పాత నోటుబుక్ తీసుకుని తేదీ, సైరన్ టైము, ఎంత గట్టిగా అదిరింది, ఏం పడింది అని రోజూ ఒక లైను రాయండి. ప్రతి పగులుకు రెండు చివర్లా పెన్సిలుతో గీత పెట్టి పక్కన తేదీ వేయండి, పక్కన స్కేలు పెట్టి ఫోన్లో ఫొటో తీయండి. నెల తర్వాత పగులు గీత దాటి పోయిందంటే ఎవరితోనూ వాదించే పని ఉండదు. నీ ఒక్క ఇల్లే కాదు, వాడకట్టులో పది ఇళ్ల వాళ్లు ఇలా చేసి అందరూ కలిసి దరఖాస్తు పెట్టాలి. హైదరాబాద్‌లో డీజీఎంఎస్ ఆఫీసు ఉంది, అక్కడికి ఒక కాపీ, కలెక్టరేట్ ప్రజావాణిలో ఒక కాపీ. ‘మా ఇళ్ల దగ్గర అదురు కొలిచే పరికరం పెట్టి, ఆ రీడింగు మాకు ఇవ్వండి’ అని అడగండి. నష్టపరిహారం మాట రెండో ఉత్తరంలో. మొదటి ఉత్తరంలోనే పైసలు అడిగితే ‘వీళ్లు పైసల కోసం చేస్తున్నారు’ అనే మాట తయారుగా పెట్టుకుంటారు.

అత్తమ్మను మాత్రం అడిగానని చెప్పు. ఆ బిందె సంగతి నోటుబుక్‌లో మొదటి లైనుగా రాయి.

ప్రశ్న: భూములు తీసుకునేటప్పుడు ఇంటికో ఉద్యోగం అన్నారు. ఇప్పుడు కాంట్రాక్టరు కింద రోజు కూలీకి పిలుస్తున్నారు, అది కూడా బయటి రాష్ట్రాల వాళ్లకే. మాట తప్పిన కంపెనీ మీద కేసు వేయొచ్చా?

జవాబు: ఉద్యోగం ఇస్తామన్న మాట రిజిస్ట్రేషన్ కాయితంలో ఉందా, విడిగా ఒప్పందం ఉందా? ఉంటే వకీలు దగ్గరికి పో, కేసు నిలబడుతుంది. నోటిమాట అయితే చాలా కష్టం. ఇప్పటి సిమెంటు ఫ్యాక్టరీలో పెద్ద పనంతా మిషన్లే చేస్తాయి, మనుషులు కావాల్సింది ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, పెద్ద బండ్ల డ్రైవర్లు. ఇంట్లో ఐటీఐ చేసిన పిల్లలుంటే ఆ పేర్లతో లిస్టు కట్టి అడుగు, లేకపోతే పైన చెప్పిన డీఎంఎఫ్‌లోంచి శిక్షణ అడుగు. ‘ఏదో ఒక పని ఇవ్వండి’ అంటే ఊడ్చే పని ఇస్తారు.

ప్రశ్న: సార్, మాది షాద్‌నగర్ ఏరియా. మా నాయన పలుగురాయి పొడి చేసే మిల్లులో తొమ్మిదేళ్లు చేసిండు. రెండేండ్ల సంది దగ్గు, ఆయాసం. టీబీ అని ఆరు నెలలు మందులు వాడినం, తగ్గలేదు. ఇప్పుడు మిల్లోళ్లు ‘మా దగ్గర పనే చేయలేదు’ అంటున్నరు.

జవాబు: ఈ ఉత్తరం చదివి కాసేపు పక్కన పెట్టాను. బాబూ, డాక్టరును కాను, కానీ ఒక్క పని రేపే చెయ్యి. నాయనను పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ‘తొమ్మిదేళ్లు పలుగురాయి దుమ్ములో పని చేశాడు’ అనే మాట ముందు చెప్పు, ఓపీ చీటీ మీద ఆ మాట రాయించు. పలుగురాయి దాదాపు అంతా సిలికానే. ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే జబ్బు సిలికోసిస్. ఎక్స్‌రేలో, దగ్గులో టీబీ లాగే కనిపిస్తుంది, పని గురించి ఎవరూ అడగకపోతే టీబీ అనే రాసేస్తారు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు నిజంగా టీబీ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ. అందుకే డాక్టరు చెప్పకుండా ఏ మందూ ఆపొద్దు. మొహానికి తువ్వాలు కట్టుకుంటే చాలని మిల్లుల్లో చెబుతారు, ఆ తువ్వాలు కంటికి కనబడే దుమ్మునే ఆపుతుంది, చంపేది కనబడని దుమ్ము.

సిలికోసిస్ తగ్గే జబ్బు కాదు, ఈ మాట దాచి లాభం లేదు. కానీ చట్టం దీన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది, పరిహారం అడిగే హక్కు ఉంది. మిల్లు వాళ్లు కాదంటున్నారు కాబట్టి పని చేసినట్టు రుజువు కావాలి. హాజరు చీటీ, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ నంబరు ఏదీ లేకపోతే నాయనతో కలిసి పని చేసిన ఇద్దరు ముగ్గురి వాంగ్మూలం నోటరీ చేయించు. జీతం ఫోన్‌పేలో వేసిన రోజులుంటే బ్యాంకు స్టేట్‌మెంటు తీయించు. వాళ్లతో పని చేసిన మిగతావాళ్లను కూడా పరీక్ష చేయించుకోమను. కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టు, ఉచిత వకీలు కోసం కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థను అడుగు.

ప్రశ్న: మా మండలంలో కొత్త గని కోసం పబ్లిక్ హియరింగ్ (ప్రజాభిప్రాయ సేకరణ) పెడుతున్నారని పేపర్లో చూశాం. పోతే సంతకాలు పెట్టించుకుని ‘అందరూ ఒప్పుకున్నారు’ అని రాస్తారట, పోకపోతే మేలని పెద్దమనుషులు అంటున్నారు. నేను పాత వార్డు మెంబర్‌ను. ఏం చేయాలి సార్?

జవాబు: పోకపోతే మేలా? ఎవరికి మేలు? హియరింగ్‌కు ఇంతమంది రావాలనే కోరం ఏదీ లేదు. మీరు పోకపోయినా అది జరిగిపోతుంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకుపోతారు.

మన జిల్లాల్లోనే చూడండి. నాగార్జునసాగర్ దగ్గర లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద 2003 ఆగస్టులో హియరింగ్ పెట్టినప్పుడు జనం వచ్చి గట్టిగా ఎదురు మాట్లాడారు. ఇరవై ఏళ్లు దాటినా అక్కడ గని మొదలు కాలేదు. నల్లమలలో యురేనియం వెతుకుతామన్నప్పుడు అమ్రాబాద్, అచ్చంపేట వైపు ఊళ్లు కదిలితే, 2019 సెప్టెంబరులో శాసనసభే వద్దని తీర్మానం చేసింది. మీది యురేనియం కాదు, మామూలు గనే కావచ్చు. అయినా రికార్డులోకి ఎక్కిన మాటకు ఉన్న బలం రచ్చబండ దగ్గరి మాటకు ఉండదు.

హియరింగ్ 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం జరుగుతుంది. కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది, కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి. కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీలో చూసుకోవచ్చు. ముందు అది తెచ్చుకుని చదవండి. నేను చూసిన ఒక నివేదికలో ఊరి పక్కనున్న చెరువు మాటే లేదు, అలుగు పారే చెరువు! చదివిన వాడు ఒక్కడున్నా చాలు, లేచి నిలబడి ‘మా చెరువు ఏదీ’ అని అడగడానికి. దుమ్ము గురించి అడిగేటప్పుడు కూడా ‘కాలుష్యం వస్తుంది’ అని ఊరుకోవద్దు. టిప్పర్ల రోడ్డు పక్క చేన్లో మొదటి ఏరుడు పత్తి బూడిద రంగులో ఉందని బేరగాడు క్వింటాలుకు ఎంత కోశాడో, ఆ రైతును లేపి, వీలైతే చేతిలో ఆ పత్తితోనే, చెప్పించండి.

సంతకం సంగతి: హాజరు పట్టీలో సంతకం పెడితే వచ్చామని అర్థం, ఒప్పుకున్నామని కాదు. కానీ ఖాళీ కాయితం మీద, పైన ఏం రాసి ఉందో చదవకుండా పెట్టొద్దు. చెప్పేదంతా రాసుకుని పోయి, చదివి, ఆ కాయితాన్ని రెండు కాపీల్లో ఇచ్చి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. వీడియో తీయడం వాళ్ల బాధ్యత, మీవాళ్లు కూడా ఒకరు ఫోన్లో తీసుకోండి. కంపెనీ వాళ్లు స్టేజీ మీద ఆసుపత్రి కడతాం, రోడ్డు వేస్తాం అంటే చప్పట్లు కొట్టకుండా ‘ఎన్ని పైసలతో, ఏ సంవత్సరంలో’ అని అడిగి మినిట్స్‌లో రాయించండి. ఎందుకంటే 2020 సెప్టెంబరు నుంచి హియరింగ్‌లో ఇచ్చిన హామీలు పర్యావరణ ప్రణాళికలో భాగంగా రావాలి, అనుమతి వచ్చాక ఆ అనుమతి పత్రం నకలు మీ పంచాయతీకి చేరాలి, నోటీసు బోర్డు మీద ముప్పై రోజులు ఉండాలి.

మీటింగ్ పదకొండుకు అని ఉంటే తొమ్మిదిన్నరకే పోయి ముందు వరసలో కూర్చోండి. ఆలస్యమైతే ముందు కుర్చీల్లో ఎవరు ఉంటారో మీకు తెలుసు.